మా రిపోలో సీఐ గారు

"ఏటి బాబూ, సీఐ ఆపేసేడంట మావోడిని? ఏటి తప్పు చేసేడు?"

బొర్రా గుహలకి వెళ్ళే దారిలో, బొంగులో చికెన్ కాల్చే ఒక చిన్న కొట్టు ముందు నిలబడి ఉన్నా. అడిగింది మా జూనియర్ వాళ్ళమ్మ. ఆవిడ మొహంలో నిజంగానే భయం ఉంది. పక్కన మావాడు తల దించుకుని నవ్వు ఆపుకుంటున్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ సీఐని అక్కడ కూర్చోబెట్టింది నేనే మరి.

సీఐ అంటే సర్కిల్ ఇన్‌స్పెక్టర్ కాదు, కంటిన్యువస్ ఇంటిగ్రేషన్. సీఎస్ఈ వాళ్ళకి తెలిసిందే. సివిల్, మెకానికల్ మిత్రుల కోసం రెండు ముక్కల్లో చెప్తా. నలుగురు కలిసి రాసే కోడ్‌లో ఎవరైనా ఒక మార్పు పంపితే, అది అసలు కోడ్‌లో కలిసేముందు ఒక సర్వర్ దాన్ని తీసుకుని పరీక్షలు పెడుతుంది. పాసైతే పచ్చ టిక్కు, లేదంటే ఎర్ర ఇంటూ గుర్తు. ఎర్ర గుర్తు పడితే ఆ మార్పు గేటు బయటే ఉండిపోతుంది.

మీరు ఇప్పుడు చదువుతున్న ఈ పత్రిక వెనక కూడా అలాంటి గేటు ఒకటుంది. మనవాళ్ళు పంపిన కథల్నీ కవితల్నీ తీసుకుని పేజీలుగా మార్చేది ఒక పైథాన్ స్క్రిప్టు. అది గిట్‌హబ్‌లో ఉంటుంది. క్లబ్బులో ఎవరైనా మార్చొచ్చు. పోయినేడాది ఉగాది సంచిక రాత్రి పన్నెండింటికి విడుదల కావాల్సి ఉండగా, పదకొండున్నరకి స్క్రిప్టు పడుకుంది. ఒకే ఫంక్షన్‌లో ఒకరు ట్యాబ్‌లతో, ఇంకొకరు స్పేస్‌లతో లైన్లు జరిపారు. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, పైథాన్‌కి మాత్రం కావు. తప్పు దొరికేసరికి తెల్లవారుజాము మూడైంది. ఆ కోపంలో, ఇకమీదట ఎవరూ ఇష్టం వచ్చినట్టు రాయడానికి వీల్లేదని నేను గేటు కట్టేశా.

ఇలా కోడ్ రాసిన తీరుని పరీక్షించే ప్రోగ్రాముల్ని లింటర్లు అంటారు. 1970ల చివర బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ సి భాష కోసం రాసిన ప్రోగ్రాముకి 'లింట్' అని పేరు పెట్టాడు. బట్టలకి అంటుకునే నూలు పీచుని అలా అంటారు. బట్టకి చిరుగు లేకపోయినా పీచు అంటుకుంటే దులుపుతాం కదా, అదే పని. పైథాన్‌కైతే 2001 నుంచి పెప్ 8 అనే శైలి నియమావళి ఉంది. లైనుకి 79 అక్షరాలు మించకూడదన్నది అందులో ప్రసిద్ధమైన నియమం. పాత పంచ్ కార్డులో 80 నిలువు వరసలు ఉండేవి, ఆ తర్వాత టెర్మినళ్ళూ అదే వెడల్పులో వచ్చాయి. ఆ కొలత ఇప్పటికీ మన నెత్తిన ఉంది.

నేను వరసగా నాలుగు మెట్లు పెట్టా. మొదటిది ఫ్లేక్8, అంటే లైను పొడవు, ఖాళీలు వగైరా. రెండోది ఇంపోర్టుల వరస. మూడోది లైను చివరలు, విండోస్ పద్ధతిలో ఉండకూడదని. నాలుగోది నేను సొంతంగా రాసింది, కంటికి కనపడని అక్షరాలు ఏవైనా ఉంటే పట్టుకునేది. దేనికీ హెచ్చరిక అనేది లేదు, అన్నీ ఎర్రజెండాలే. అదయ్యాక నా పాత ఫోల్డర్ మీద ఫ్లేక్8 నడిపి చూస్తే రెండొందలకి పైగా తప్పులొచ్చాయి. తర్వాత తీరిగ్గా చూద్దాంలే అని ఆ ఫోల్డర్‌ని ఎక్స్‌క్లూడ్ లిస్టులో పడేశా. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇక మావాడి సంగతి. ఫస్టియర్. బొర్రా దగ్గర ఒక చిన్న ఊరు. వాళ్ళ ఊళ్ళోంచి ఇంజినీరింగ్‌లో చేరిన మొదటివాడు. క్లబ్బు మీటింగుల్లో వెనక బెంచీలో కూర్చుని ఒక్క మాటా మాట్లాడేవాడు కాదు. సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్ళి, అక్కణ్ణుంచి పత్రికకి ఒక కొత్త పేజీ రాసి పంపాడు. పేజీ పేరు 'మా కొండ మాటలు'. బేగి, గుంటడు, చోళ్ళు, అడ్డాకులు, పోడు ఇలా వాళ్ళవైపు వినిపించే మాటలు ఓ అరవై, ఒక్కోదానికి రెండు మూడు వాక్యాల వివరణ. వాటిని అక్షర క్రమంలో పేర్చే చిన్న కోడ్ కూడా తనే రాశాడు. వాడి జీవితంలో అదే మొదటి పుల్ రిక్వెస్ట్.

గేటు దగ్గర ఎర్ర గుర్తు పడింది.

ఐదు రోజుల్లో పదకొండు సార్లు సరిచేసి పంపాడు. ప్రతిసారీ నాకు మెయిల్ వచ్చేది. కమిట్ మెసేజీలు వరసగా ఇలా ఉన్నాయి: 'ఫిక్స్', 'ఫిక్స్ 2', 'స్పేస్‌లు తీసేశా', 'మళ్ళీ', 'ఇది లాస్ట్', 'ఇదే లాస్ట్', 'ప్లీజ్'. ఏడో దాని దగ్గర నాకు నవ్వొచ్చింది కూడా. కింద ఒక కామెంట్ పెట్టా: "ముందు లింట్ పాస్ చెయ్ తమ్ముడూ, కోడ్ తర్వాత చూస్తా." అంతే. ఫైలు తెరిచి చూడలేదు. పదకొండోసారికి పచ్చ టిక్కు రానే వచ్చింది. నేను పండగ పిండివంటల మీద ఉండి ఆ మెయిల్ చూడలేదు. భోగి రాత్రి వాడే పుల్ రిక్వెస్ట్ మూసేశాడు. "సారీ అన్నా, పేజీ పాడైపోయింది. ఇది నావల్ల కాదు" అని రాశాడు.

పచ్చ టిక్కు వచ్చాక పేజీ పాడవడమేంటో నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకుందామనీ అనుకోలేదు.

ముక్కనుమ నాడు ముగ్గురం ఫ్రెండ్స్ అరకు బయల్దేరాం, విశాఖలో పొద్దున్నే కిరండూల్ పాసింజర్ ఎక్కి. శివలింగపురం దాటాక రైలు కొండ ఎక్కడం మొదలుపెడుతుంది. ఈ కొత్తవలస–కిరండూల్ లైన్లో 58 సొరంగాలు ఉన్నాయంటారు. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు పెడుతున్నారు. నేనేమో ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, పత్రిక కోడ్‌లో ఒక చిన్న మార్పు పుష్ చేద్దామని కూర్చున్నా. సిగ్నల్ రెండు గీతలు రాగానే నొక్కుతా, సగంలో సొరంగం. బయటికొచ్చి మళ్ళీ నొక్కుతా, ఇంకో సొరంగం. ఆరుసార్లు అయ్యాక విసుగొచ్చి మూసేశా. అప్పుడు గుర్తొచ్చాడు మావాడు. బొర్రా గుహలు స్టేషన్‌లో దిగి వాడికి ఫోన్ చేశా. "గుహల దగ్గర అమ్మ కొట్టులో ఉన్నా, రా అన్నా" అన్నాడు.

అలా ఆ కొట్టు ముందు ఆ ప్రశ్న ఎదురైంది. సెలవుల్లో వీడు రోజూ సాయంత్రం ల్యాప్‌టాప్ పట్టుకుని స్టేషన్‌కి పోతున్నాడట. చీకటి పడ్డాక ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకుంటున్నాడట. ఏమైందిరా అంటే "సీఐ ఆపేస్తంది" అన్నాడట. కొండ ఊళ్ళో ఒక తల్లి ఆ మాట వింటే ఏమనుకుంటుందో మీకు చెప్పక్కర్లేదు. "కాదమ్మా, అది కంప్యూటర్ లోపల ఉండే చెకింగు" అని నేను చెప్పా. ఆవిడ కాసేపు ఆలోచించి, "మరి ఆ చెకింగు ఎవులు పెట్టేరు?" అంది.

"నేనేనమ్మా."

ఆవిడ ఏమీ అనలేదు. ఆకులో చికెన్ పెట్టి ఇచ్చింది. డబ్బులు తీసుకోలేదు. అది తినడం ఎంత కష్టమైందో నాకే తెలుసు.

ఫ్రెండ్స్ గుహల్లోకి వెళ్ళారు. నేను మావాడితో స్టేషన్‌కి నడిచా. ప్లాట్‌ఫారం చివర ఒక సిమెంటు బెంచీ. వాళ్ళ ఇంటి దగ్గర సిగ్నల్ ఉండదు, ఈ బెంచీ దగ్గర వస్తుంది. అక్కడ కూర్చుని ఆ పదకొండు సార్లూ ఏం జరిగిందో చూపించాడు.

మొదటిసారి ఫ్లేక్8 దగ్గర ఆగింది, 63 తప్పులు. నా నాలుగు మెట్లలో ఒకటి ఫెయిలైతే మిగతావి అసలు నడవవు. అందుకని 63 తప్పులూ దిద్దాకే రెండో మెట్టు తప్పులు కనిపించాయి. అవి దిద్దాక మూడోది, ఆ తర్వాత నాలుగోది. పైగా ఒక మెట్టు కోసం దిద్దింది వెనక మెట్టుని చెడగొడుతుంటే మళ్ళీ మొదటికి. అన్నిటికన్నా ఘోరం ఇంకోటి ఉంది. కొత్తవాళ్ళెవరైనా మొదటిసారి పుల్ రిక్వెస్ట్ పంపితే, ఓనర్ 'అప్రూవ్' నొక్కేదాకా పరీక్షే మొదలవదు. మా రిపోలో సెట్టింగ్ అలా ఉంది. ఆ ఓనర్ని నేనే. వాడు సాయంత్రం ఆరింటికి ఈ బెంచీ మీద కూర్చుని పంపితే, నేను మర్నాడు పొద్దున లేచి పళ్ళు తోముకుంటూ నొక్కేవాణ్ణి. వాడికి జవాబు తెలియాలంటే మళ్ళీ సాయంత్రం ఇక్కడిదాకా రావాలి. కొన్ని రోజులు రెండు మూడు సార్లు వచ్చాడట.

"నాకేం పర్లేదన్నా, కానీ ఇది చూడు" అని పేజీ తెరిచాడు.

చూస్తే 'అంబలికివాడే గింజ' అని ఉంది. 'సంతకితెచ్చే' అని ఉంది. మాటలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. లైను 79 దాటకూడదు కదా, అందుకని తెలుగు వాక్యాల్ని మధ్యలో విరగ్గొట్టి రెండు ముక్కలుగా రాశాడు. విరిచిన చోట ఖాళీ పెట్టడం అక్కడక్కడా మరిచిపోయాడు. అసలు ఆ 79 లెక్కే తెలుగుకి అన్యాయం. 'స్త్రీ' అనేది మన కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో అది స, విరామం, త, విరామం, ర, ఈత్వం కలిసి ఆరు. ఫ్లేక్8 లెక్కపెట్టేది ఆ ఆరుని. అదే వెడల్పు ఇంగ్లీషు వాక్యం హాయిగా దాటిపోయే చోట తెలుగు వాక్యానికి జరిమానా పడుతుంది.

ఇంకోటి. 'స్టేషన్‌కి' అని వాడు మొదట సరిగ్గానే రాశాడు. నకార పొల్లుకీ 'కి'కీ మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనపడని అక్షరం ఒకటి ఉంటుంది. రెండూ కలిసిపోయి ఒత్తు పడకుండా ఆపేది అదే. మన కీబోర్డుల్లో చాలావాటిలో ఉంటుంది. కానీ నా నాలుగో మెట్టు కనపడని అక్షరాలన్నిటినీ దొంగల్లా పట్టుకుంటుంది కదా. వాడు ఒక్కోటీ వెతికి తీసేశాడు. ఇప్పుడు పేజీ నిండా 'స్టేషన్కి', 'హాస్టల్కి'. టిక్కు పచ్చబడింది, మాట చెడింది. అది నచ్చకే వాడు మూసేసుకున్నాడు. చేతకాక కాదు.

ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం స్టేజీ మీద గిడుగు రామమూర్తి గారి గురించి పది నిమిషాలు దంచింది నేనే. ఆయన పర్లాకిమిడిలో ఉంటూ సవరల భాష నేర్చుకున్నాడనీ, జనం మాట్లాడే భాషకి పుస్తకంలో చోటు కావాలని పోరాడాడనీ ఊగిపోయి చెప్పా. ఆ తర్వాత నాలుగు నెలలకే ఒక కొండ ఊరి కుర్రాడు తన మాటల్ని తీసుకొస్తే, ఇంగ్లీషు కోసం పెట్టిన కొలబద్దతో గేటు బయట నిలబెట్టా.

ఆ బెంచీ మీద వాడు ఇంకొక్క ప్రశ్న అడిగాడు. వెటకారం లేదు, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

"అన్నా, కాన్ఫిగ్‌లో ఎక్స్‌క్లూడ్ లిస్టు ఉంది కదా. అందులో నీ ఫోల్డర్ ఉంది. నా పేజీ కూడా అందులో పెట్టొచ్చా?"

నా దగ్గర జవాబు లేదు. "అసలు ఆ సీఐనే తీసేద్దాం తమ్ముడూ" అన్నా. వాడు ఒప్పుకోలేదు. "తీసెయ్యొద్దన్నా. ఉగాది రాత్రి సంగతి సీనియర్లు చెప్పారు. ఏది తప్పో ఇంటి దగ్గరే, ముందే చెప్పమను. చాలు."

సాయంత్రం తిరుగు రైలుకి టైముంటే వాళ్ళ నాన్న కూడా కొట్టు దగ్గర కలిశాడు. మాటల్లో గనుల సంగతి వచ్చింది. ఈ బొర్రా చుట్టుపక్కల ఊళ్ళలో ఒకప్పుడు ప్రైవేటు కంపెనీలకి మైనింగ్ లీజులిచ్చారు. ఏజెన్సీలో గిరిజనేతరులకి భూమి బదిలీ చెయ్యకూడదని 1/70 రెగ్యులేషన్ ఉంది. సమత అనే సంస్థ కోర్టుకెళ్ళింది. హైకోర్టులో ఓడిపోయి, సుప్రీంకోర్టులో 1997 జూలైలో గెలిచింది. ఆ తీర్పు ఇప్పుడు దేశమంతా లా కాలేజీల్లో చదువుతారు. గుహల కోసం వచ్చే మనకి బొర్రా పేరు వెనక ఇంత ఉందని తెలీదు, నాకూ తెలీదు. ఇంటికెళ్ళాక దాని గురించి చదివా. ఒకచోట ఆగిపోయా. ఆ రెగ్యులేషన్‌లో 'వ్యక్తి' ఎవరూ గిరిజనేతరులకి భూమి ఇవ్వకూడదని ఉంది కదా, ఆ 'వ్యక్తి' అన్న మాటలో ప్రభుత్వం కూడా వస్తుందని కోర్టు తేల్చింది. అంటే నియమం పెట్టినవాడికీ అదే నియమం. ఎక్స్‌క్లూడ్ లిస్టు లేదు.

వాళ్ళ భూమి సంగతెక్కడ, నా ఫ్లేక్8 ఎక్కడ, పోలికే కాదు. కానీ నా గేటు ఎవర్ని కాపాడుతోంది, ఎవర్ని ఆపుతోంది అన్న ప్రశ్న మాత్రం ఆ రాత్రి నన్ను వదల్లేదు.

సెలవులయ్యాక మావాడూ నేనూ ల్యాబులో కూర్చుని గేటు మళ్ళీ కట్టాం. ఏం మార్చామో చెప్తా, మీ ప్రాజెక్టుల్లో పనికొస్తుంది.

మొదట నా ఫోల్డర్‌ని లిస్టులోంచి తీసేశాం. బ్లాక్ అనే ఫార్మాటర్‌తో మొత్తం కోడ్‌ని ఒకే కమిట్‌లో సర్దించాం. అలా చేస్తే ఏ లైను ఎవరు రాశారని చూసినప్పుడు అన్నీ ఆ ఒక్క కమిట్ పేరే చూపిస్తాయి. దానికి మందు గిట్‌లోనే ఉంది. ఫలానా కమిట్‌ని లెక్కలోకి తీసుకోవద్దని ఒక ఫైల్లో రాసి పెట్టొచ్చు. 2019లో వచ్చిన 2.23 వెర్షన్ నుంచి ఈ వీలు ఉంది. మిగిలిన తప్పులు నేనే చేత్తో దిద్దా. రెండు రాత్రులు పట్టింది. ఆ రెండు రాత్రుల్లో మావాడి 'ప్లీజ్' చాలాసార్లు గుర్తొచ్చింది.

తర్వాత ప్రీ-కమిట్ అనే పరికరం పెట్టాం. కమిట్ చేసే క్షణంలోనే, మన ల్యాప్‌టాప్‌లోనే పరీక్షలు జరుగుతాయి. ఒకసారి నెట్ ఉన్నచోట ఇన్‌స్టాల్ చేసుకుంటే చాలు, ఆ తర్వాత సిగ్నల్ లేకపోయినా నడుస్తుంది. ఖాళీలు, లైను చివరలు, ఇంపోర్టుల వరస లాంటివి అదే దిద్దిపెడుతుంది. ఒకటి ఫెయిలైనా మిగతావి ఆగవు, అన్ని తప్పులూ ఒకేసారి చూపిస్తుంది. సర్వర్ మీద కూడా ఇదే కాన్ఫిగ్ నడుస్తుంది. పరికరాల వెర్షన్లు అందులో రాసి బిగించేశాం, లేకపోతే ఇంట్లో పచ్చ, సర్వర్లో ఎరుపు వస్తుంది. లైను చివరల గొడవ రాకుండా గిట్ అట్రిబ్యూట్స్ ఫైల్లో ఒక్క వరస చేర్చాం.

తెలుగు వాక్యాలన్నీ పైథాన్ కోడ్‌లోంచి తీసి వేరే డేటా ఫైల్లో పెట్టాం. ఇప్పుడు 79 కొలత కోడ్‌కే. నాలుగో మెట్టు మావాడే తిరగరాశాడు. తెలుగు అక్షరాల మధ్య నాన్ జాయినర్ ఉంటే అది దొంగ కాదు, ఇంటివాడు. ఇంగ్లీషు కోడ్ మధ్యలో కనిపిస్తేనే అడుగుతుంది. ట్యాబ్, స్పేస్ కలిపితే మాత్రం ఇప్పటికీ ఎర్ర గుర్తే. ఆ ఉగాది రాత్రి మళ్ళీ రాకూడదు.

ఇక కాన్ఫిగ్‌లో పెట్టలేనిది ఒకటి నాకు నేను పెట్టుకున్నా. కొత్తవాళ్ళ పుల్ రిక్వెస్ట్ వస్తే అదే రోజు తెరవాలి. ముందు వాళ్ళు ఏం రాశారో చదవాలి, రంగు తర్వాత చూడాలి. ఖాళీలు లెక్కపెట్టడానికి యంత్రం ఉంది. 'చోళ్ళు' గురించి ఆ రెండు వాక్యాలు ఎంత బాగున్నాయో చెప్పడానికి మనిషే కావాలి. నేను ఆ పని మానేసి, యంత్రం చెయ్యాల్సిన పని మావాడి చేత చేయించా. నా తప్పు మొత్తం ఇదే.

మావాడు పుల్ రిక్వెస్ట్ మళ్ళీ తెరిచాడు. ఈసారి ఒకే కమిట్. మెసేజ్ 'మా కొండ మాటలు, మొదటి విడత'. పచ్చ టిక్కు పడగానే వాళ్ళమ్మకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు.

"ఇప్పుడేటంటన్నాడ్రా మీ సీఐ?"

"వదిలేసేడమ్మా. ఎల్లమన్నాడు."

"ఆ బాబు పక్కనున్నాడా? మళ్ళీ రమ్మను. ఈసారి డబ్బులు తీసుకుంతానని చెప్పు."

ఆ పేజీ ఈ సంచికలోనే ఉంది, చదవండి. మీ ఊరి మాటలు కూడా పంపండి. గేటు దగ్గర ఏమైనా ఆగితే కంగారుపడకండి, నాకో మెసేజ్ పెట్టండి. అదే రోజు చూస్తా.